కంటి ఎత్తు అర

మా బావను సబ్బులమ్మేవాడంటే ఆయనకు కోపం. "అమ్మేది కొట్టువాడు. నేను సర్దేవాణ్ణి" అంటాడు. అక్క మొగుడు కదా అని ఊరుకుంటాను.

ఇరవై ఆరేళ్ళుగా ఒకే సబ్బుల కంపెనీలో సేల్స్‌మన్. కొట్టుకొట్టుకూ తిరిగి ఆర్డర్లు రాసుకోవడం ఉద్యోగం. ప్రాణం మాత్రం అలమారలో మూడో అర మీద ఉంటుంది. మనిషి కళ్ళకు సరిగ్గా ఎదురుగా వచ్చే అర అది. "కొనేవాడు వంగడు, మెడ ఎత్తడు. ఎదురుగా ఏదుంటే అది పట్టుకుపోతాడు" అన్నది ఆయన కనిపెట్టిన సత్యం. ఆ అర కోసం కొట్టువాళ్ళు జబ్బుపడితే పళ్ళు పట్టుకెళ్ళాడు. పోటీ కంపెనీ సబ్బుల్ని ఎటో చూస్తూ మోచేత్తో పక్కకు నెట్టాడు.

వంకరగా ఏమున్నా ఆయన చేతులు ఊరుకోవు. మా ఇంటికొస్తే బల్లమీది మందు సీసాల పేర్లు ముందుకు తిప్పితే గానీ కుర్చీలో కూర్చోడు. మా నాన్న పోయినప్పుడు అక్కతో వచ్చి, గుమ్మం ముందున్న చెప్పులన్నీ జతలు కలిపి వరుసగా పేర్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చేశాను.

ఇంతలో జనం ఫోన్లో కొనడం మొదలుపెట్టారు. ఫోన్లో మూడో అర లేదు, వేలితో తోస్తే పైకి పోయే బొమ్మలు తప్ప. కంపెనీ ఏ ఎండకా గొడుగు పట్టే రకం. వాసన చూడ్డానికి సబ్బు కాగితానికి పెట్టిన చిన్న చిల్లు పూడ్చేసింది, ఫోన్లో ముక్కు పెట్టేవాడెవడని. బొమ్మలో కనబడాలని అక్షరాలు లావు చేసింది. విడి సబ్బు మూలపడి, డజను సబ్బుల కట్ట వచ్చింది. ఆరు నెలల స్నానం ఒక్కసారే గుమ్మంలోకి!

నేనూ తెప్పించాను, అబద్ధమెందుకు. బావ వస్తున్నాడని అట్టపెట్టెను మంచం కిందకు తోశాను. ఆయన ముక్కు ఊరుకుంటుందా? వంగి లాగి, "మన సబ్బేగా!" అని మురిసిపోయాడు, పిచ్చి మారాజు. నాకు సిగ్గేసింది.

తర్వాత కంపెనీ నుంచి కబురు వచ్చింది. మూడు నెలలు చూసి కొందరు సేల్స్‌మన్లను తీసేస్తారట. ప్రతి కొట్లో అరను ఫొటో తీసి, ఆర్డరుతో పాటు రోజూ పంపాలట. రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది. ఈ వయసులో బయట ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారని అక్కకు నిద్ర పట్టలేదు. బావ మాత్రం ధీమాగా ఉన్నాడు. "అరల పోటీ పెడితే నన్ను కొట్టేవాడెవడు?"

మర్నాడు మూలమీది కొట్టుకు వెళ్తే మూడో అర నిండా ఆయన కంపెనీ సబ్బులే, అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

"ఇవెక్కడివయ్యా? నేను రాసుకోలేదే!"

"ఫోన్లో తెప్పించానన్నయ్యా" అన్నాడు కొట్టాయన తల గోక్కుంటూ. "మీ కంపెనీయే మీరిచ్చేదానికన్నా తక్కువకి గుమ్మంలో పడేస్తోంది. మీ మీద గౌరవం లేక కాదు. కానీ నేనూ బతకాలి కదా!"

ఇంకొకడైతే అక్కడే కూలబడేవాడు. మా బావ ఏమన్నాడో తెలుసా? "తెప్పిస్తే తెప్పించావు, ఇలాగా పేర్చేది?"

అరగంట నిలబడి, దుమ్ము తుడిచి, పేర్లు ముందుకు తిప్పి పేర్చాడు. ఫొటో తీసి పంపాడు. ఆర్డరు గడి ఖాళీ. చూస్తుండగానే కొట్లన్నీ అదే దారి పట్టాయి. ఆయనా అన్నిచోట్లా అదే పని చేశాడు.

"మీరమ్మని సరుకుకి ఆ ముస్తాబేంటండీ?" అంది అక్క.

"అర వంకరగా ఉంటే పోయేది నా పేరే."

"పేరు సంగతి సరే, ఉద్యోగం పోకుండా చూసుకోండి."

మూడు నెలలయ్యాక ఆఫీసుకు పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెచ్చుకుంటారనే వెళ్ళాడు. మెచ్చుకున్నారు కూడా. గోడమీద పెద్ద తెర నిండా ఆయన అరలే. కుర్ర మేనేజరు చప్పట్లు కొట్టి, "ఇంత అందమైన అరలు ఇంకెక్కడా లేవండీ" అన్నాడు. ఆ వెంటనే, "మీకు ఒక్క ఆర్డరూ లేదు. అయినా అరలు కళకళలాడుతున్నాయి. అంటే సేల్స్‌మన్ లేకపోయినా మన సరుకు కొట్లో చక్కగా ఉంటుందని మీరే నిరూపించారు" అన్నాడు.

పక్క వీధుల సేల్స్‌మన్ ఉన్నాడు, దుమ్ముపట్టిన ఖాళీ అరల ఫొటోలు తప్ప పంపని మహానుభావుడు. వాణ్ణి ఉంచారు. అక్కడింకా మనిషి అవసరముందట! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. ఇక్కడ మల్లయ్యే తెడ్డు తుడిచి అప్పజెప్పాడు.

"సర్దింది నేనేనని చెప్పొద్దూ బావా!" అని మండిపడ్డాను.

"చెప్పాను మరదలా. మీరు అమ్మని సరుకు మీరెందుకు సర్దారు అనడిగాడు." మా బల్లమీది మందు సీసాను పేరు ముందుకొచ్చేలా తిప్పాడు.

వారం తర్వాత కంపెనీ కానుకంటూ గుమ్మంలోకి అట్టపెట్టె వచ్చింది. లోపల డజను సబ్బులు. అక్క బయట పారేయబోతే బావ లాక్కుని, స్నానాలగదిలో కంటి ఎత్తు అర మీద పేర్లు ముందుకొచ్చేలా పేర్చాడు. అలవాటుగా ఫొటో తీశాడు. ఎవరికి పంపాలో తెలియక నాకు పంపాడు.