వాన పడితే ఎవరి చేపైనా ఎత్తాలి

రాసుకో పిల్లా. తప్పులు పోతే పోనీ, మీ నాన్న దిద్దుతాడు. ముందు ఎండ గురించి రాయి.

దసరా ముందు మన దీవిలో, ఈ హోప్ టౌన్‌లో కాసే ఎండని నేను నమ్మను. నేను పుట్టిన భీమిలి వైపు వాన పోయిందంటే కొన్నాళ్ళైనా పోయినట్టే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. నాలుగు నెలలు కురిసిన వాన వెళ్ళొస్తానని వెళ్తుంది, మరిచిపోయిన గొడుగు కోసం చుట్టం వచ్చినట్టు మళ్ళీ వస్తుంది. పొద్దున్న ఐదు దాటితే చాలు, ఎండ మొహం మీద కొడుతుంది. గోడలకి బూజు, చెప్పులకి బూజు, మీ తాత బెల్టుకి కూడా పచ్చటి బూజు. ఆ ఎండ చూసి ఇంట్లో ఉన్నదంతా బయట పడేస్తాం. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కునేలోగా వెనక కొండ మీద నుంచి మబ్బు దిగిపోతుంది.

చేపలు ఎండబెట్టేవాళ్ళకి ఇంతకంటే మాయదారి కాలం లేదు. ఎండ ఉందని పరుస్తాం, వాన వచ్చి కొట్టుకుపోతాయి. అందుకే మన వీధిలో ఒక కట్టు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, నేను కాపురానికి వచ్చేసరికే ఉంది. మొదటి చుక్క పడితే దగ్గర్లో ఎవరున్నా సరే, ఎవరి చేపలైనా సరే, ఎత్తి అరుగు మీద పెట్టాలి. సొంతవి తర్వాత. మాటలు లేని ఇళ్ళకైనా ఇదే కట్టు.

పక్కింటావిడ సంగతి నీకు తెలుసు. నువ్వు వీధిలో అందరిలాగే దీదీ అంటావు, మీ నాన్న పిన్నీ అంటాడు. ఆమె నన్ను అప్పా అంటుంది, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఇద్దరం ఒకే ఓడలో వచ్చాం, ఇద్దరం ఒకేసారి కక్కుకున్నాం. ఒకసారి ఆమె కోడిపెట్ట నా చేపల మీద పడిందని గొడవై రెండు వానాకాలాలు మాట్లాడుకోలేదు. ఆ రోజుల్లోనే ఒకనాడు నేను బావి దగ్గరుండగా వాన వచ్చింది. పరుగెత్తుకొచ్చి చూస్తే నా నెత్తళ్ళ చేపలన్నీ అరుగు మీద కుప్పగా ఉన్నాయి, పైన గోనె కప్పి ఉంది. ఆమె తన గుమ్మంలో నిలబడి జుట్టు పిండుకుంటూ గోడతో చెప్పినట్టు చెప్పింది.

"కొందరికి సేపలారబెట్టడం వచ్చుగాని ఆకాశం కేసి సూడ్డం రాదు."

నేనూ గోడతోనే చెప్పాను. "కొందరి కోడికి కళ్ళు నేవు, వోళ్ళకున్నాయి."

నవ్వు వచ్చింది ఇద్దరికీ. మాటలు మాత్రం మరికొన్నాళ్ళకి గాని కలవలేదు.

ఇప్పుడు ఆమె ఇంటి మీద రెండు గదులు లేచాయి. కొడుకు కట్టించాడు, టూరిస్టులకి. మంచిదే, ఆమె పడ్డ కష్టానికి ఆ మాత్రం సుఖం ఉండాలి. వాన తగ్గిన కొద్దీ వాళ్ళు దిగుతారు. నాకు కావాల్సిన ఎండే వాళ్ళకీ కావాలి. నేను చేపలు పరిచే రోజునే ఆమె తెల్ల దుప్పట్లు ఆరేస్తుంది. మొదట్లో దుప్పట్లకి కంపు పట్టకుండా గాలి ఎటు వీస్తుందో చూసి పరుచుకోమంది, అలాగే పరిచాను. తర్వాత ఇంకాస్త జరగమంది, జరిగాను.

ఈ ఏడు సముద్రం చాన్నాళ్ళు పొగరు దిగలేదు. దిగాక మీ తాత వెళ్ళి తెచ్చిన మొదటి వేట అది. నెత్తళ్ళు, వెండి ముక్కల్లా ఉన్నాయి. చీకటితోనే కడిగి, ఉప్పు పట్టించి, పాత వల మీద పరిచాను. ఆ రోజే ఫెర్రీ దాటి వెళ్ళి నీ పన్ను పీకించాలి. ఆకాశం బాగానే ఉంది. అయినా ఆమెకి చెప్పే వెళ్ళాను.

"సేపలున్నాయే, ఓ కన్నేసుండు."

"ఎల్లప్పా, నానున్నాను కదా" అంది.

తిరుగు ఫెర్రీలో ఉండగా కొండ నల్లబడింది. నువ్వు బుగ్గ పట్టుకుని ఏడుస్తూనే, "నానమ్మా, మన మఛ్లీ భీగ్ జాయేగీ, చేపలన్నీ తడిసిపోతాయి" అన్నావు. ఏం కాదు, దీదీ ఉంది కదా అన్నాను. పడవలో అందరూ కంగారు పడుతుంటే నేను నిమ్మళంగా కూర్చున్నాను. ఆ నిమ్మళం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వచ్చేసరికి వాన వెలిసింది. వల కంచెకి చుట్టుకుని ఉంది. నెత్తళ్ళు బురదలో, కాలవలో, దారి పొడుగునా ఉన్నాయి. కాకులు ఏరుకుంటున్నాయి. మీ తాత జెట్టీ దగ్గర ఇంజను బాగుచేస్తున్నాడు, ఇంకా రాలేదు. ఆమె తీగ మీద ఒక్క దుప్పటి కూడా లేదు. అన్నీ మడతపెట్టి వరండాలో ఉన్నాయి.

"ఒలే, ఇంట్లోనే ఉన్నావేటే?"

"ఉన్నానప్పా."

"సేపలు కనపడనేదా?"

దాచలేదు ఆమె. అబద్ధం చెప్పినా బాగుండేది.

"కనపడ్డాయి. గెస్ట్‌లు చాయ్ అడిగినారు. ముట్టుకుంటే సేతులు కంపు కొడతాయి కదప్పా. ఆ సేతుల్తో ఎలాగిచ్చేది? ఒక్కడు ఫోన్‌లో కంపు అని రాసినాడంటే సీజన్ ఖతం."

"సబ్బు నేదేటే మీ ఇంట్లో?"

పై దుప్పటి మడత సరిచేసుకుంది. "రేపు మా వోడి సేత బజార్నుంచి తెప్పించి ఇస్తాన్లే" అంది. మీ తాత పట్టిన చేపలకి బదులు బజారు చేపలు. కాకులు వదిలినవి ఏరి కొబ్బరి మొదట్లో పాతిపెట్టాను.

మీ తాత వచ్చి, చూసి, లుంగీ బిగించుకుని కూర్చున్నాడు. "సముద్రం ఇచ్చినాది, వాన పట్టుకెల్లినాది. మద్దిన నువ్వెందుకే ఏడుస్తావు" అన్నాడు. వాన మీద నాకేం కోపం లేదు. ఆయనకి అది అర్థం కాలేదు.

మరుసటి వారం మళ్ళీ అదే ఎండ, అదే మబ్బు. ఆమె గెస్ట్‌లని తీసుకురావడానికి జెట్టీకి వెళ్ళింది. తీగల నిండా దుప్పట్లు, తలగడ గలేబులు. నేను వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. మొదటి చుక్క చేట మీద పడింది. ఎత్తాలా వద్దా అని ఆలోచించుకునే టైము దొరకలేదు నాకు. కాళ్ళు వెళ్ళిపోయాయి. ఈ మోకాళ్ళతో ఎలా పరుగెత్తానో తెలియదు. ఒక్కటీ తడవకుండా లాగి, గుండెకి అదుముకుని, ఆమె వరండాలో కుర్చీ మీద పెట్టాను. పైన ప్లాస్టిక్ పట్టా కప్పాను. నా బియ్యం తడిసిపోయాయి.

ఆమె వచ్చి చూసి మన గుమ్మం దాకా వచ్చింది. "మంచి పని సేసినావప్పా" అంది. గొంతులో పాత తడి ఉన్నట్టే అనిపించింది. ఆ పూట అన్నం కాస్త సయించింది నాకు.

చీకటి పడకముందే ఆమె బట్టలుతికే మెషీన్ మోత మొదలైంది. నువ్వే కిటికీ ఎక్కి చూసి చెప్పావు, గుర్తుందా? "నానమ్మా, దీదీ వోహీ చాదర్, నువ్వెత్తిన దుప్పట్లే మళ్ళీ ఉతుకుతోంది."

"తడిసుంటాయిలే" అన్నాను.

ఒక్క చుక్క పడలేదు వాటి మీద. ఆ పొద్దున్న నేను చేప ముట్టుకోలేదు కూడా. బియ్యం ఏరిన చేతులు అవి. మెషీన్ ఎంతసేపు తిరిగిందో అంతసేపూ నేను గోడకి ఇవతల కూర్చుని విన్నాను.

మర్నాడు ఆమె ఏమీ ఎరగనట్టు పలకరించింది. నేనూ ఏమీ ఎరగనట్టే పలికాను.

నిన్న వచ్చిన వాన సంగతి నీకు తెలుసు, నువ్వు ఇక్కడే ఉన్నావు. ఎండ అప్పటిదాకా మంటలా ఉంది. రేకుల మీద టపటపమంది. జెట్టీ దారిలో నుంచి ఆమె కేక వినిపించింది. "అప్పా, దుప్పట్లు! అప్పా!"

నువ్వు లేచావు. చిన్నప్పటి నుంచీ చూసిన దానివి, లేవడం నీకూ అలవాటే. నేను నీ చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను, ఎర్రబడింది కూడా. వాన వెలిసేదాకా వదల్లేదు.

ఏం, కలం ఆపావేం? అదీ రాయి.