కిందింటి సారు సరిచేసిన స్పీకర్లు

మా చిన్నప్పుడు ఒక బంద్ రోజు... గడ్డిఅన్నారంలో మా అద్దె ఇంటి ముందుగదిలో నాన్న నేల మీద కూర్చుని, పళ్లతో వైరు తొక్క లాగుతున్నాడు. పక్కన రెండు పెద్ద స్పీకర్లు. ఒక్కొక్కటి నా నడుమెత్తు ఉండేది.

నాన్న సర్కారు ఆఫీసులో క్లర్కు. తెలంగాణ కోసం సమ్మె మొదలై చాలా రోజులైంది. ఎన్నాళ్లో ఆశపడి కొనుక్కున్న స్పీకర్లు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి... పాటలు వినే మనసు ఎవరికుంది? అమ్మ ఆ పెట్టెల మీద పోచంపల్లి దుప్పటి కప్పి, ఇస్త్రీ బట్టలు పెట్టుకునేది.

ఆ రోజు ఊరేగింపు మా గల్లీ మీదుగా ఎల్బీనగర్ వైపు వెళ్తుందని, బాల్కనీలో ఉద్యమ పాటలు వేయాలని ఆఫీసు వాళ్లు కబురు పంపారు.

మా కింది అంతస్తులో శ్రీనివాస్ సారు ఉండేవారు. వాళ్లది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. ఆదివారం వస్తే ఆయనా నాన్నా పాత టేప్‌రికార్డర్ ముందు చేరి పాటలు వినేవాళ్లు. ఈ స్పీకర్లు కొనేటప్పుడు కూడా ఇద్దరూ కలిసే కోఠికి వెళ్లారు.

అలాంటి వాళ్లు ఒకరోజు మెట్ల మీద మాటా మాటా అనుకున్నారు...

"ఇన్నేళ్లున్నాక మమ్మల్ని పొమ్మంటే ఎక్కడికి పోతామండీ?" అన్నారు సారు.

"మిమ్మల్ని పొమ్మన్నదెవరు సార్? మా రాష్ట్రం మాకు కావాలంటున్నం, గంతే" అన్నాడు నాన్న.

అంతే... నెల రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ నెలలోనే సారు వాళ్లకు పాప పుట్టింది. నాన్న చూడటానికి కూడా వెళ్లలేదు. అమ్మ ఒక్కతే వెళ్లి వచ్చింది.

ఆ వైరులో రెండు తీగలుండేవి. ఒకటి రాగి రంగు, ఇంకోటి వెండి రంగు. స్పీకరు వెనకా, దానికి పాట పంపే యాంప్లిఫయర్ వెనకా వాటిని బిగించడానికి ఎర్ర మర ఒకటి, నల్ల మర ఒకటి ఉండేవి. "రాగిది ఎర్రదాంట్లకు, తెల్లది నల్లదాంట్లకు. రెండు దిక్కులా గట్లనే పెట్టాలె" అని చూపించి, రెండో స్పీకరు నాకు అప్పగించాడు నాన్న. ఏడో తరగతి పిల్లను... ఎంత గర్వమో! స్పీకరు వెనక బాగానే పెట్టాను. అప్పుడే దూరంగా నినాదాలు వినపడ్డాయి. ఆ తొందరలో యాంప్లిఫయర్ దగ్గర ఏది దేనికి పెట్టానో చూసుకోలేదు.

నాన్న ఆఫీసులో పనిచేసే మల్లేశ్ అంకుల్, ఇంకో ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. మల్లేశ్ అంకుల్ బాల్కనీలోంచి కిందికి తొంగిచూశాడు. సారు వాళ్ల కిటికీ మూసి ఉంది.

"అంజన్నా, వీటి మూతి కిందికి తిప్పు. కిందున్న ఆంధ్రాయన జర మంచిగ వినాలె."

నాన్న కదల్లేదు. "గల్లీ దిక్కే పెడ్త. కింద పసిపిల్ల ఉన్నది."

"నువ్వు మనోనివా, ఆళ్లోనివా?"

నాన్న స్పీకర్లను గల్లీ వైపే తిప్పాడు. పాట పెట్టాడు.

పాటేమో... డొల్లగా వచ్చింది. గొంతు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు... డప్పు మోగుతోంది గానీ దెబ్బ లేదు. నాన్న సౌండ్ పెంచాడు. ఇంకా పెంచాడు. కిటికీ అద్దాలు అదిరాయి గానీ పాటకు ప్రాణం రాలేదు. కింద పాప గుక్కపట్టి ఏడవడం పాటలోంచి కూడా వినపడింది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు...

గుమ్మంలో శ్రీనివాస్ సారు. లుంగీ మీదే వచ్చేశారు. లోపల నలుగురు కొత్తవాళ్లను చూసి ఆగిపోయారు. మల్లేశ్ అంకుల్ లేచి నిలబడ్డాడు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏంది సార్? పాట బందు చెయ్యాల్నా?" అన్నాడు మల్లేశ్ అంకుల్.

సారు నాన్న వైపే చూస్తూ అన్నారు... "అంజయ్య గారూ, ఒక స్పీకరు వైర్లు తిరగేసి కలిపారండీ. ఒకటి ముందుకు కొడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. అందుకే డప్పు చచ్చిపోయింది."

ఆ రెండో స్పీకరు కలిపింది నేనే.

నాన్న యాంప్లిఫయర్ ఆపేసి పక్కకు జరిగాడు. సారు మోకాళ్ల మీద కూర్చుని దాని వెనక వైపు చూశారు. తప్పు ఏ స్పీకరుదో తెలిసింది... ఒకసారి నా మొహం చూశారు. చేసింది నేనేనని పసిగట్టేశారని నాకర్థమైంది. ఏమీ అనకుండా రెండు తీగలూ విప్పి, మార్చి బిగించారు.

నాన్న మళ్లీ పాట పెట్టాడు.

డప్పు దెబ్బ నేరుగా గుండెలకు తగిలింది. అమ్మ ఉలిక్కిపడింది. గొంతు మా గది మధ్యలో నిలబడి పాడుతున్నట్టు... నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు సగం సౌండ్ పెట్టినా గల్లీ చివరిదాకా వినపడుతుందండి..." అన్నారు సారు. "పాప కూడా పడుకుంటుంది."

నాన్న మల్లేశ్ అంకుల్ వైపు చూడనైనా చూడకుండా సౌండ్ సగానికి తగ్గించాడు. మల్లేశ్ అంకుల్ ముఖం చిట్లించుకుని, మిగతా ముగ్గురితో ఊరేగింపులోకి దిగిపోయాడు. తర్వాత చాలా రోజులు మా ఇంటికి రాలేదు.

"ఛాయ్ తాగి పోండి సార్" అన్నాడు నాన్న.

"పాప లేచిందండి... రేపొస్తాను."

నిజంగానే మర్నాడు వచ్చారు. కానీ అంతా మునుపటిలా అయిపోయిందంటే అబద్ధమే. రాష్ట్రం మాట ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఛాయ్ గ్లాసులోకి చూసేవాళ్లు. నాన్న మాత్రం ఆ బంద్ రోజు సాయంత్రమే కిందికి వెళ్లి పాపను ఎత్తుకున్నాడు.

తెలంగాణ వచ్చిన రోజు నాన్న మిఠాయి డబ్బా మొదట పట్టుకెళ్లింది కిందింటికే. సారు ఒక లడ్డూ తీసుకుని, "సంతోషమండీ" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో, అన్నందుకు నాన్నకెంత తృప్తి కలిగిందో... అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత వాళ్లు నాగోల్‌లో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయారు.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లోనైనా సౌండ్ ఎక్కువైతే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాం. మనిషి పేరుండదు... ఫ్లాట్ నంబరుంటుంది. రెండు నిమిషాల్లో సౌండ్ తగ్గిపోతుంది. ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు...

మాటల్లేని రోజుల్లో కూడా మీ గుమ్మం దాకా నడిచొచ్చిన ఇరుగుపొరుగు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి రెండు ముక్కలు రాయరూ? చదవాలనుంది.