భయం దాచుకోని కంటి డాక్టరు

పొద్దున్న రుషికొండ బస్సులో ఉండగా మేడం చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క నిద్దట్లోనే ఎల్లిపోయిందమ్మా. కళ్లు ఇచ్చీమని ముందే సెప్పింది. మీ వోళ్లని పంపించు" అన్నారు. దానమిచ్చిన కళ్లు తీసుకునే మా ఐ బ్యాంకుకి బస్సులోంచే ఫోన్ చేశాను.

మేడం నా పరిశోధనకి గైడు. ఆవిడ దగ్గర కళ్లు చూపించుకున్నవాళ్లు మీలోనూ ఉండొచ్చు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పొరకి వచ్చే జబ్బుల్ని, చూపు చెడకముందే కనిపెట్టాలన్నది మా పని. ఆ పొర మ్యాపు తీసే మెషీన్ వ్యాన్లో వేసుకుని పరవాడ, ఆనందపురం స్కూళ్లకి వెళ్లేవాళ్లం. పిల్లలు జంకితే ముందు మేడమే మెషీన్‌కి తన గడ్డం ఆనించి చూపించేవారు. "భయమేత్తే సెప్పు, ఆగుదాం. భయం లేదని అబద్ధం మాత్తరం ఆడొద్దు" అనేవారు.

కొత్త మెషీన్ వచ్చినప్పుడు పరీక్ష కోసం నేనే కూర్చున్నాను. స్క్రీన్ మీద నా ఎడమ కన్ను మ్యాపు మధ్యలో ఎర్రగా వచ్చింది. పొర పలచబడి ముందుకు ఉబ్బుతోందని అర్థం. మెషీన్ తప్పేమో అన్నాను. మేడం మళ్లీ తీశారు. అదే ఎరుపు. ఆవిడ కుర్చీ దగ్గరకి లాక్కుని, "నాను అబద్ధం సెప్పను. ఇది పెరిగే జబ్బే. తొందరగా దొరికింది కాబట్టి ఆపగలం" అన్నారు. చుక్కలు వేసి, కాంతితో పొరని గట్టిపరిచే చికిత్స ఆవిడే చేశారు. జబ్బు ఆగింది. అయినా చాలాకాలం, నిద్ర లేవగానే కుడి కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ అంకెలు చదువుకునేదాన్ని.

పోయినేడాది మేడంకే ఒక కంట్లో శుక్లం వచ్చింది. ఎందరి కళ్లలోనో కృత్రిమ లెన్సు పెట్టిన ఆవిడే, తాను బల్ల మీద పడుకునేసరికి నా చెయ్యి అందుకున్నారు. "ఎక్కడెక్కడ తేడా కొడతాదో అన్నీ తెలుసు కదే, అదే నా బాధ. సెయ్యి ఒదలకు" అన్నారు. ఆపరేషన్ అయ్యేదాకా నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకున్నారు. మర్నాడు కట్టు విప్పాక, కిటికీలోంచి సముద్రం చూసి, "ఇంత నీలంగా ఉంటాదేటి" అని చిన్నగా నవ్వారు.

ఆ ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నమే మేడం కార్నియాలు మా ల్యాబ్‌కి వచ్చాయి. ఇంకొకరికి పనికొస్తాయో లేదో చూసి చెప్పడం నా పని. వేరేవాళ్లని పిలవనా అని అక్కడివాళ్లు అడిగారు. నేనే చూస్తానన్నాను గానీ, మైక్రోస్కోప్ ముందు కూర్చోవడానికి భయమేసింది. ఆపరేషన్ అయిన కంట్లో ఆ పొర కణాలు తగ్గిపోవచ్చు. పనికిరాదని నా చేత్తో రాయాల్సొస్తే?

ఆపరేషన్ అయిన కన్నుదే ముందు పెట్టాను. అంతా మసక. మెల్లగా ఫోకస్ తిప్పాను. తేనెపట్టు గదుల్లా, ఒకదాన్నొకటి ఆనుకుని, ఎక్కడా ఖాళీ లేకుండా కణాలు. అన్నీ బతికే ఉన్నాయి.