దేవసహాయం గారికి రెండుసార్లు వచ్చిన ఇంటి డబ్బు

అది 2023 ఎండాకాలం. బహ్రెయిన్‌లో, అద్లియాలోని ఒక లాయరు ఆఫీసులో నేను మందూబ్‌ని. మందూబ్ అంటే కాగితాలు మోసేవాడు. కోర్టు, బ్యాంకు, ఇమిగ్రేషన్, రిజిస్ట్రేషన్ ఆఫీసు... లాయరు సంతకం పెట్టిన ప్రతి కాగితమూ నా సంచిలో పడి ఆయా కౌంటర్లకు చేరాలి. జగిత్యాల దగ్గర మా ఊళ్లో మాత్రం నేను ఇప్పటికీ ‘దుబాయిల వకీలు దగ్గర పనిచేసే రాజన్న’నే. బహ్రెయిన్ వేరే దేశమని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఈ పనిలో ధైర్యవంతులు నిలవరని నా నమ్మకం. భయమున్నవాడే కాగితాన్ని రెండోసారి చూస్తాడు. నాకు చిన్నప్పటి నుంచీ పిరికితనం దండిగా ఉంది కాబట్టి ఇన్నేళ్లు నెగ్గుకొచ్చాను. కానీ దేవసహాయం గారి కేసులో పడినంత భయం అంతకు ముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

ఆయనది అమలాపురం వైపు. అస్కర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. భార్య కరుణమ్మ గారు ఒక క్లినిక్‌లో నర్సు. ఇద్దరూ నోరు కట్టుకుని, బ్యాంకు లోను తీసుకుని, జుఫైర్‌లో చిన్న ఫ్లాట్ కొనుక్కున్నారు. ఇప్పుడు దాన్ని అమ్మి, ఊళ్లో కరుణమ్మ గారి అక్క ఇంటి పక్కనే స్థలం కొని, అక్కడ ఇల్లు కట్టుకుంటారట. పిల్లలు లేరు. “మాకు ఇల్లే బిడ్డండి” అని ఆవిడ మా ఆఫీసుకు వచ్చిన మొదటిరోజే నవ్వుతూ అన్నారు.

లోను తీరని ఇంటిని అమ్మడంలో ఒక వరుస ఉంటుంది. కొనేవాడు మొత్తం సొమ్మును లాయరు దగ్గరున్న క్లయింట్ అకౌంట్‌లో వేస్తాడు. అది కక్షిదారుల సొమ్ము మాత్రమే ఉంచే ప్రత్యేక ఖాతా. అందులోంచి ముందు బ్యాంకు లోను కట్టాలి. బ్యాంకు తాకట్టు విడిపిస్తేనే ఇంటి కాగితాలు కొన్నవాడి పేరు మీదికి మారతాయి. మిగిలింది అమ్మినవాళ్లకు వెళ్తుంది. అంటే రెండు చెల్లింపులు, రెండు వేర్వేరు ఖాతాలకు. మా అకౌంటెంట్ సెలవు మీద ఊరికి వెళ్లే తొందరలో ఆ రెండింటినీ దేవసహాయం గారి ఖాతాకే పంపేశాడు.

విషయం బయటపడింది ఒక గురువారం పొద్దున. కొన్నవాడు బ్యాంకుకు వెళ్తే, లోను పైసా కట్టలేదని, కాగితాలు ఇచ్చేది లేదని చెప్పారు. అతను అక్కడి నుంచే ఫోన్ చేసి మా ఉస్తాద్ మీద అరిచాడు. ఇక్కడ లాయర్లను ఉస్తాద్ అనే పిలుస్తాం. ఫోన్ పెట్టేసరికి ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“వాళ్ల విమానం ఎప్పుడు?”

“శనివారం, ఉస్తాద్.”

“వీసా?”

“క్యాన్సిల్ అయింది. పోవడానికి గడువు మాత్రమే ఉంది.”

ఆయన గబగబా ఒక దరఖాస్తు టైపు చేయించి సంతకం పెట్టారు. సంతకం వంకర పోయింది. నేను పైవరుస చదివాను. ట్రావెల్ బ్యాన్. అంటే దేశం దాటకుండా కోర్టు వేసే అడ్డు.

“తప్పు మన ఆఫీసుది కదా ఉస్తాద్” అన్నాను.

“తప్పు మనది. డబ్బు వాళ్ల దగ్గరుంది. నా లైసెన్సు మీదికి వచ్చేవాళ్లకు ఆ డబ్బు తిరిగొచ్చిందా లేదా అన్నదే కావాలి.”

ఆ కాగితం సంగతి నాకు తెలుసు. బ్యాన్ పడిందని ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర పాస్‌పోర్టు పెట్టినప్పుడు తెలుస్తుంది. సామానంతా విమానంలోకి వెళ్లిపోయాక వెనక్కి పంపితే, ఒంటి మీది చొక్కాతో బయటికొచ్చి కూలబడ్డ మనిషిని నేను చూశాను. ఉద్యోగం పోయి, వీసా పోయి, పైన బ్యాన్ కూడా పడితే ఇక్కడ బతకడానికీ వీల్లేదు, పోవడానికీ వీల్లేదు.

“ఒక్కసారి వాళ్లను అడిగి వస్తాను” అని బతిమాలాను.

“కోర్టు కౌంటరు మూసేలోపు. ఆ తర్వాత రెండు రోజులు సెలవు. యల్లా, పరుగెత్తు!”

ఫ్లాట్ తాళాలు అప్పగించి, భార్యాభర్తలిద్దరూ తమ చర్చి స్నేహితుల ఇంట్లో ముందుగదిలో ఉంటున్నారు. నేను వెళ్లేసరికి దేవసహాయం గారు అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నారు. పెట్టె మీద పెద్దక్షరాలతో ఆయన పేరు, ఊరు.

“రండి రండి రాజన్న గారూ! సరిగ్గా టీ టైముకొచ్చారండి” అన్నారు.

నిలబడే చెప్పేశాను. ఆయన నవ్వారు.

“అబ్బే, అది కంపెనీదండి. నా ఇండెమ్నిటీ.”

సర్వీసు ముగిశాక కంపెనీ ఇచ్చే మొత్తాన్ని ఇండెమ్నిటీ అంటారు. ఆ వారంలోనే పడుతుందని కంపెనీ చెప్పిందట. మొదటి మెసేజ్ ఇంటి డబ్బు, రెండోది కంపెనీ డబ్బు అనుకున్నారాయన. రెండో మొత్తం కంపెనీ చెప్పినదానికి కాస్త ఎక్కువగా ఉంది, అంతే. గల్ఫ్ వదిలి వెళ్లే వారంలో అన్ని లెక్కలూ ఒకేసారి తెగుతాయి. ఎవరైనా అలాగే అనుకుంటారు.

“ఎవరు పంపిండ్రో చూసిండ్రా సార్?”

“మెసేజ్‌లో మొత్తం ఒక్కటే ఉంటుంది కదండీ.”

“ఒక్కసారి కంపెనీకి ఫోన్ చేయుండ్రి.”

స్పీకర్ పెట్టి చేశారు. అవతల గుమాస్తా హిందీలో, “సెటిల్‌మెంట్ ఇంకా పాస్ కాలేదు భాయ్, వచ్చే వారం” అని పెట్టేశాడు.

దేవసహాయం గారి చేతిలోంచి తాడు జారిపోయింది. పెట్టె మీదే కూర్చుండిపోయారు.

“సాక్ష్యం చెప్పేశానే కరుణా” అన్నారు.

నాకు అర్థం కాలేదు. కరుణమ్మ గారు మెల్లగా చెప్పారు. పోయిన శుక్రవారం తెలుగు చర్చిలో వీళ్లకు వీడ్కోలు కూడిక జరిగింది. అక్కడ ఈయన లేచి నిలబడి, కంపెనీ చెప్పినదానికంటే దేవుడు ఎక్కువ ఇప్పించాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పారు. దానిమీద చర్చికి దశమ భాగం, అంటే పదో వంతు, కూడా ఇచ్చారు. మిగతాది ఊళ్లో స్థలం అమ్మినవాళ్లకు ఎప్పుడో చేరిపోయింది.

“డబ్బు ఇక్కడ లేదండి. నన్ను జైల్లో పెడతారా?” అన్నారు దేవసహాయం గారు.

నేను సంచిలోని కాగితం సంగతి చెప్పాను. చెప్పకూడదేమో, కానీ చెప్పాను. కరుణమ్మ గారు లోపలికి వెళ్లి రెండు పాస్‌పోర్టులు తెచ్చి నా చేతిలో పెట్టారు.

“ఇవి మీ లాయరు గారికి ఇచ్చేయండి. ఇవి లేకుండా మేమెక్కడికెళ్తామండి? ఆ కాగితం మాత్రం వేయించకండి.”

“వద్దమ్మా, గట్ల తీసుకోవద్దు.”

“మరి ఇంకేముందండి మా దగ్గర?”

దేవసహాయం గారు చేయి చాపి తన పాస్‌పోర్టును ఒకసారి ముట్టుకున్నారు. “నా సర్వీసంతా ఇది కంపెనీ బీరువాలోనే ఉందండి. మొన్ననే చేతికొచ్చింది. తీసుకెళ్లండి” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చి కళ్లు తుడుచుకున్నాను.

ఆఫీసులో వాటిని బల్ల మీద పెట్టగానే ఉస్తాద్ కుర్చీ వెనక్కి జరిపారు, పామును చూసినట్టు.

“నువ్వు అడిగావా?”

“లేదు. వాళ్లే ఇచ్చారు.”

“ఇవి నేను ఉంచుకోకూడదు. నేను లాయరుని, వీసా ఇచ్చి పాస్‌పోర్టు దాచుకునే కఫీల్‌ని కాదు.”

ఆయన చాలాసేపు వాటిని ముట్టుకోలేదు. చివరికి ఒకటి తెరిచి, క్యాన్సిల్ అయిన వీసా పేజీ చూసి మూశారు. “తిరిగి ఇచ్చేయ్. టికెట్ రద్దు చేసుకోమను. ఇండెమ్నిటీ రాగానే బ్యాంకుకు కడతామని రాయించుకో. ఈ దరఖాస్తు నీ సంచిలోనే ఉండనీ.” మళ్లీ ఆయనే అడిగారు. “వాళ్లు వెళ్లిపోతే?”

“నేనున్నా కదా ఉస్తాద్.”

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. జన్మలో ఎవరికీ జామీను ఉండొద్దన్నది మా నాయన చెప్పిన ఏకైక నీతి. సాయంత్రం పాస్‌పోర్టులు ఇచ్చేసి, వాళ్ల సంతకాలు, రద్దయిన టికెట్ల కాగితం తీసుకున్నాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరున్నాయి. టికెట్ మళ్లీ కొనుక్కోవచ్చు. కోర్టు ఆదివారం దాకా తెరవరు. మంచివాళ్లు కూడా భయమేస్తే పరుగెత్తుతారు. నాకు తెలియదా, నేను రోజూ పరుగెత్తేవాణ్ణే.

శుక్రవారం వాళ్ల చర్చికి వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ప్రార్థనకు కాదు, కాపలాకే. పాటలైపోయాయి. వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. నా చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. నా వీసా, నా ఉద్యోగం, మా పిల్లదాని కాలేజీ, అన్నీ కళ్ల ముందు ఒక్కొక్కటే పోతున్నాయి. లేచి బయటికి వెళ్లబోతుంటే తలుపు తీసుకుని ఇద్దరూ లోపలికొచ్చారు. దేవసహాయం గారు కూర్చోలేదు. నేరుగా ముందుకెళ్లి నిలబడ్డారు.

“పోయిన వారం ఇక్కడే నిలబడి, దేవుడు నాకు ఎక్కువిచ్చాడని చెప్పానండి. అది దేవుడిచ్చింది కాదు. లాయరు ఆఫీసువాళ్లు పొరపాటున వేసింది. ఎవరిదో కనుక్కోకుండానే దేవుడి పేరు చెప్పేశాను. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానండి.”

ఒక పెద్దావిడ గట్టిగా “స్తోత్రం!” అంది. పాస్టరు గారు దశమ భాగం కవరు తిరిగి ఇవ్వబోతే ఆయన మొహమాటపడి, “ఉండనివ్వండి అయ్యగారూ” అన్నారు. వెనక నుంచి కరుణమ్మ గారి గొంతు వినిపించింది.

“ఉండనివ్వడానికి అది మనదేంటండీ? తీసుకోండి ముందు!”

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మళ్లీ చివరి వరుసలోనే కూలబడ్డాను.

తర్వాతి వారం ఇండెమ్నిటీ వచ్చింది. అది, చర్చి కవరు కలిపి బ్యాంకుకు కట్టారు. కాస్త తక్కువైతే ఉస్తాద్ తన ఫీజు వదులుకుని నింపారు. కొన్నవాడికి కాగితాలు అందాయి. నా సంచిలోని దరఖాస్తును ఉస్తాద్ ఎదుటే చింపేశాను. ఊళ్లో స్థలం కూడా నిలబడింది.

వాళ్లు వెళ్లే రోజు ఎయిర్‌పోర్టుకు నేనూ వెళ్లాను. మేం బ్యాన్ వేయలేదు, నిజమే. కానీ కొన్నవాడు కోపంలో ఉన్నప్పుడు తన సొంత లాయరుతో వేయిస్తానని బెదిరించాడు. వేయించాడో లేదో కౌంటరు దగ్గరే తెలుస్తుంది. వాళ్లు లోపలికి వెళ్లాక నేను స్తంభం పక్కన నిలబడి ఫోన్‌నే చూస్తున్నాను. మా ఊరి ఎల్లమ్మకూ మొక్కాను, వాళ్ల యేసు ప్రభువుకూ మొక్కాను. ఎంతసేపటికో ఫోన్ మోగింది.

“దాటేశామండి రాజన్న గారూ” అన్నారు కరుణమ్మ గారు. “ఈయన ఆ ఆఫీసరుకి వంగి వంగి దండాలు పెడుతున్నారు, ఆయనేమో భయపడిపోతున్నాడు.”

ఆ కేసు నాకు నేర్పింది ఒకటుంది. డబ్బు తక్కువ వస్తే ఎవరైనా అదే పూట ఫోన్ చేసి నిలదీస్తారు. ఎక్కువ వస్తే ఎవరూ అడగరు. పాపం, వాళ్లది దురాశ అని కూడా అనలేం. జీవితమంతా తక్కువే వచ్చినవాళ్లు ఒక్కసారి ఎక్కువొస్తే, ఇన్నాళ్లకు న్యాయం జరిగిందనుకుంటారు. అందుకే ఇప్పుడు ఇల్లు అమ్మిన ప్రతి కక్షిదారుకూ నేనే ముందుగా ఫోన్ చేసి, ఎంత పడుతుందో, ఎన్నిసార్లు పడుతుందో చెబుతున్నాను. చివరికి ఒక మాట కలుపుతాను.

“ఇంకో మెసేజ్ వచ్చిందనుకోండ్రి, దేవునికి చెప్పేకంటె ముందు నాకు చెప్పుండ్రి.”