ఆరుగురు ఎక్కిన కారు

మా ఫోర్‌మన్ గారు పోయారని మొన్న ఉదయం కబురు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కార్ల షోరూం నడిచిన రోజుల్లో వెనక షెడ్డు ఆయనది, ముందున్న అద్దాల గది నాది. నేను సేల్స్ మేనేజర్ని. ఆ కార్ల కంపెనీ ఇప్పుడు దేశంలోనే లేదు. ఎందుకు మునుగుతుందో ఆయన ముందే చెప్పారు. ఆ మాట చెల్లకుండా చేసింది నేనే.

కొత్త మోడల్ రాగానే ఆయన ఐదుగురు మెకానిక్కులను ఎక్కించుకుని మీర్‌పేట్ గల్లీలన్నీ తిప్పుకొచ్చారు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ కారు అడుగు గీరుకుందట. కంపెనీ పెద్దలతో మీటింగులో లేచి నిలబడ్డారు.

"సార్, మీరు డ్రైవర్ ఒక్కణ్ణే కూసోబెట్టి చూసిండ్రు. మా దిక్కు కారు కొంటే ఇంట్లోళ్లందరు ఎక్కుతరు. జర ఎత్తు పెంచుండ్రి."

పెద్దలు నా వైపు చూశారు. నా ప్రమోషన్ మాట నడుస్తున్న రోజులవి. "మావాళ్లు కాస్త ఎక్కువమంది ఎక్కేశారండీ, అంతే" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నారు. మర్నాడు ఎప్పటిలాగే నా గదికి చాయ్ పంపారు. నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అమ్మిన కార్లు వరసగా షెడ్డుకు తిరిగొచ్చాయి. కస్టమర్ చెప్పింది చెప్పినట్టు జాబ్ కార్డు మీద రాయడం ఆయన అలవాటు. "అత్తమ్మ ఎక్కితే కింద కొడుతుంది" అని ఒక కార్డు. డ్రైవింగ్ తప్పని రాయమని కంపెనీ హుకుం పంపింది. "కొన్నోళ్లదే తప్పంటే మళ్ల ఎవరొస్తరు సార్?" అని ఆయన రాయలేదు. చివరికి కంపెనీ ఎత్తు పెంచింది గానీ, అప్పటికే కారు పేరు పాడైపోయింది.

షోరూం మూతపడ్డాక నేను వేరే కంపెనీలో చేరిపోయాను. ఆయన ఎల్‌బీ నగర్ అవతల రేకుల షెడ్డు వేసుకుని అవే కార్లు బాగుచేస్తూ ఉండిపోయారు. సిగ్గుతో ఒక్కసారి కూడా అటు వెళ్లలేకపోయాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. అప్పుడే ప్రార్థన ముగిసింది. నా పేరు చెప్పగానే ఆయన భార్య గబగబా లేచారు.

"మీరేనా సార్? ఆ మీటింగుల మా ఆయన దిక్కు మాట్లాడింది మీరొక్కరేనట గదా. మస్తుసార్లు చెప్పిండు."

ఆవిడ కొంగుతో ఒక కుర్చీ తుడిచి, ఆయన ఫోటో పక్కనే వేశారు. అందరూ చూస్తుండగా నేను అందులో కూర్చున్నాను.