అక్క మీదేసుకున్న తప్పు

పోయిన మంగళవారం పొద్దున ఇబ్రహీంపట్నం నుంచి ఫోన్ వచ్చింది. అక్క దవాఖానలనే పానం ఇడిచిందని ఆమె భర్త చెప్పిండు. రెండేండ్లుగ క్యాన్సర్. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఒక్కసారి గూడ చూడపోలే. ఎందుకు పోలేదో మీకు చెప్పాలనే ఇది రాస్తున్న.

ఆమె నాకు చుట్టం కాదు. తుక్కుగూడ దిక్కు, ఫ్యాక్టరీలకు కరెంటు కొనిపెట్టే ఒక కంపెనీల మా కంప్యూటర్ విభాగానికి పెద్ద. మొదటి రోజు నేను మేడం అంటే, "అక్కా అను, నోరేం అరిగిపోదు" అన్నది.

కరెంటును గూడ ఇప్పుడు మార్కెట్ల కొంటరు. రేపు ఏ పావుగంటకు ఎంత కావాలో ఇయ్యాల పగటి పన్నెండు లోపల రాసి పంపాలె. ఆ పని మా సర్వర్లు చేసేటివి, సర్వర్లను అక్క చూసేది. పంపినంక అవతలి నుంచి రసీదు నంబరు వచ్చేదాక కుర్చీ అంచుమీదనే కూసునేది. పన్నెండు దాటినంకనే అన్నం డబ్బ తెరిచేది. "పంపిన అనుడు కాదు తమ్మీ, అందిందా చూసినవా?" అని రోజుకు నాలుగుసార్లు అడిగేది. నాకు విసుగొచ్చేది.

ఆమె సెలవుల ఉన్న ఒక రోజు నేను సర్వర్ల కొత్త ప్రోగ్రాం ఎక్కించిన. ముందు వేరే మిషన్ల నడిపి చూడాలె, చూడలే. పంపినట్టు స్క్రీన్ మీద కనబడంగనే చాయ్‌కి పోయిన. ఇనుము కరిగించే ఒక ఫ్యాక్టరీకి కరెంటు అడిగే ఫైలు అసలు పోనేలేదు. తెల్లారి వాళ్లకు సరిపోను కరెంటు లేక కొలిమి ఆపిన్రు. పనికొచ్చిన కూలీలను గేటు కాడికెల్లే వాపసు పంపిన్రు.

"ఎవరు ఎక్కించిన్రు?" సెలవు నుంచి వచ్చిన అక్కను, నన్ను పిలిచి మేనేజర్ అడిగిండు.

నా కొలువు ఇంకా పర్మినెంట్ కాలే. ఇంట్ల భార్యకు నెలలు నిండినయ్.

"నేనే ఎక్కించమన్న," అన్నది అక్క.

అబద్ధం. ఆమెతోని రాజీనామా రాయించుకున్నరు. సామాను సంచిల వేసుకుంటుంటే దగ్గరికి పోయి, "అక్కా, నేను చెప్త" అన్న.

"ఇప్పుడు చెప్తే ఇద్దరం పోతం. ఇంటికాడ నెలలు నిండిన నీ భార్యను చూసుకో. ఇంకోసారి మాత్రం అందిందా చూడకుండ లేవకు."

నేను చెప్పలే. ఆ రోజే కాదు, తర్వాత గూడ. పేరు పాడై ఆమెకు మళ్ల అసొంటి కొలువు దొరకలే. ఇబ్రహీంపట్నంల జిరాక్స్ దుకాణంల కూసోని జనానికి ఫారాలు నింపింది. ఇయ్యాల నా బిడ్డ బడికి పోతుందంటే అక్క పెట్టిన తిండితోనే. ఆమెకు మొకం ఎట్ల చూపెట్టాలె అనే దవాఖానకు పోలే.

ఆమె పోయిన మూడోనాడు వాళ్లింటికి పోయిన. ఆమె భర్త కుర్చీ ఏసిండు.

"ఒక్కటి అడుగుత తమ్మీ. ఆమె అసొంటి తప్పు చేసేదేనా? ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పకపాయె."

"లేదన్నా. అది నేను చేసిన."

మొత్తం చెప్పిన. ఆయన తిట్టలే.

"జర ముందు చెప్తే ఏమైతుండె? నువ్వు ఒప్పుకున్నది ఆమె చెవిన పడుతుండె గదా," అన్నడు.

లేచి లోపలికి పోయిండు. మంచం మీద ఆమె చీరలు మడతపెట్టి ఉన్నయ్, ఎవరికో ఇయ్యడానికి. పైదాని మీద చెయ్యి పెట్టి, నాకు వీపు తిప్పి, అట్లనే నిలబడ్డడు.