అక్క నేర్పిన దీమెలో

నాకు స్పానిష్ నేర్పిన అక్క ఉరవకొండ రోడ్డులో లారీ గుద్ది చనిపోయింది. ఆమెది స్పెయిన్ దక్షిణాన ఒక పల్లె. అనంతపురంలో మేము పనిచేసే చోటికి వాళ్ల దేశం నుంచి మనుషులు వచ్చిపోతుంటారు. వాళ్ల మాట మనకు, మన మాట వాళ్లకు చెప్పడానికి మాలాంటి ఆడపిల్లలను కూర్చోబెట్టి సాయంత్రాలు అక్క పాఠం చెప్పేది. ఆ భాష నేను ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

మొదట్లో నన్ను ఏడిపించింది వాళ్ల క్రియలే. 'దీ' అంటే చెప్పు. దాని తోకకు 'నాకు', 'అది' రెండూ అంటించి 'దీమెలో' అనాలట. ఇవ్వమనాలంటే 'దామెలో'. నాకు ఒళ్లు మండి పుస్తకం పక్కకు తోసేశాను.

"ఏమక్కా ఇది? మేము 'చెప్పు' అంటే సాలు. ఏంది, ఎవురికి అనేది మొగం చూస్తే తెలీదా?"

"ముఖం కనపడనప్పుడో?" అంది అక్క, తనకొచ్చిన తెలుగులో. ముక్కుతో చిన్నగా నవ్వి, 'దీ'ని సాగదీసి మళ్లీ పలికింది. ఆమెది ఆ తీరే. మాటకు ముందు ఒక నవ్వు, మాట చివర 'స్' వస్తే మింగేయడం. అచ్చం తనలా పలికేదాకా నన్ను లేవనిచ్చేది కాదు.

'వేతె' అంటే పో అని నేర్పిన రోజు, "మా పక్క ఎవుర్నీ ఉత్త 'పో' అని పంపించమక్కా, 'పోయిరా' అంటాం" అన్నాను గొప్పగా. ఆమె ముఖం వాడిపోయింది. పాఠం సగంలో ఆపేసి బయటికి వెళ్లింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆమె పోయిన మరుసటి ఏడాది వాళ్లమ్మ వచ్చింది. కూతుర్ని ఇక్కడే పూడ్చిపెట్టినప్పుడు ఆమె జబ్బుతో మంచంలో ఉండి రాలేకపోయింది. దుబాసీగా నన్ను వెంట పంపారు. సమాధి దగ్గర ఆమె ఏడవలేదు, రాతి మీది దుమ్ము చేత్తో తుడిచింది. కారెక్కాక చెప్పింది. కూతురు ఇండియాకు బయలుదేరిన రోజు ఇద్దరూ పోట్లాడుకున్నారట. గుమ్మంలో నిలబడి ఈమె 'వేతె' అందట. తర్వాత ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నా ఆ ఊసు ఎవరూ ఎత్తలేదట.

"నా మీద కోపంతోనే పోయిందా? నాకు అదొక్కటి తెలిస్తే చాలు" అంది.

అక్క నాతో ఎప్పుడూ ఆ పోట్లాట సంగతి చెప్పలేదు. ఆగిపోయిన ఆ పాఠం గుర్తొచ్చింది గానీ, ఆ తల్లితో చెప్పడానికి నోరు రాలేదు.

కూతురు తిరిగిన ఊళ్లు చూస్తానంటే గార్లదిన్నె వైపు తీసుకెళ్లాను. ఒక పల్లెలో అరుగు మీద సోది చెప్పే పెద్దామె కూర్చుని ఉంది. పక్కన బుట్ట, ముందర చేటలో బియ్యం. చనిపోయినవాళ్లు ఆమె నోట మాట్లాడతారని మావాళ్ల నమ్మకం. మా నాయన పోయినప్పుడు మా అమ్మ కూడా సోది అడిగించింది. నేను మాత్రం నమ్మను. అక్కడేం చేస్తున్నారని అక్క వాళ్లమ్మ అడిగితే నోరు ఊరుకోక చెప్పేశాను. అంతే, ఆమె కారు దిగి పోయి అరుగు ముందు నేల మీద కూర్చుంది.

"ఏం అడగాలంట పాపా, ఆయమ్మకు?"

"బిడ్డ సచ్చిపోయింది అవ్వా. కోపంలో పో అనిందంట. బిడ్డకు కోపం ఉండాదా అని అడుగుతాండాది."

పెద్దామె బియ్యంలో వేళ్లు తిప్పుతూ కళ్లు మూసుకుంది. గొంతు సన్నబడింది. "అమ్మా, వచ్చినామ్మా. నువ్వు పొమ్మంటే పోయినానా? నాకే పోవాలని బుద్ధి పుట్టె, పోతి. నీ మీద నాకేం కోపమమ్మా?"

అంతే. కళ్లు తెరిచి, దండం పెట్టి, చేట బుట్టలో సర్దుకుని లేచింది.

నేను స్పానిష్‌లో చెప్పాను. ఎదుటివాళ్లు 'నేను' అంటే మేమూ 'నేను' అనే చెప్పాలి, దుబాసీ పద్ధతి అది. మాట పూర్తికాక ముందే ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. పెద్దామె వైపు చూడటం లేదు. నా నోటి వైపు చూస్తోంది.

"ఆ నవ్వు... ఆ మింగడం... ఇది నా కూతురు."

నేను నవ్వానా? దేవుడి తోడు, నాకు తెలియదు.

"నేను కాదమ్మా, ఆమె చెప్పింది" అని చెయ్యి చూపించబోయాను. అరుగు మీద ఎవరూ లేరు. "సోది చెప్తానమ్మా సోది" అంటూ పెద్దామె అప్పుడే పక్క వీధి పట్టింది.

"దీమెలో" అంది తల్లి. "ఇంకొక్కసారి."

సోదమ్మ వెళ్లిపోయాక ఆ మాట చెప్పడమంటే ఇక చెప్పేది నేనే. భయమేసింది, అబద్ధమెందుకు? అయినా ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. నువ్వు పొమ్మంటే పోయానా అమ్మా అన్నాను. నీ మీద నాకేం కోపమమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది ఆమె, నా ఒళ్లో తల పెట్టి, నన్ను కూతురి పేరుతో పిలుస్తూ. నేను పలికాను.

ఆ తర్వాత నా మాట తీరు మార్చుకోవాలని శానా తంటాలు పడ్డాను. ఫోన్లో మాడ్రిడ్ వాళ్ల మాటలు పెట్టుకుని వాళ్లలా పలికి చూశాను. రాలేదు. నోరు తెరిస్తే అక్కే వస్తుంది.

ఇప్పుడు సాయంత్రం పాఠం నేనే చెబుతున్నాను. మొన్న కొత్త పిల్లలకు 'దీమెలో' చెప్పి తిరిగి అనమన్నాను. అనబోయే ముందు అందరూ ముక్కుతో చిన్నగా నవ్వారు.

"ఎందుకే నవ్వుతారు?" అని కసిరాను.

మడకశిర నుంచి వచ్చిన పిల్ల బిక్కముఖం వేసింది.

"మీరు నవ్వితిరి కదక్కా. ఆ మాటను అట్లే అనాలేమో అనుకుంటిమి."